మాండరిన్ చేప, అది బతికే పగడపు దిబ్బ: తరచుగా అడిగే ప్రశ్నలు

మాండరిన్ చేపను చూసినవాళ్లు ముందు రంగుల గురించి అడుగుతారు. ఇంటి ఉప్పునీటి ట్యాంకులోకి తెచ్చుకున్నవాళ్లు కొన్ని వారాల తర్వాత తిండి గురించి అడుగుతారు. ఆ వరస తిరగబడి ఉంటే ఎన్నో చేపలు బతికేవి. అందుకే ఇక్కడ తిండికి, ఆ తిండి పుట్టే చోటుకి ఎక్కువ జాగా ఇచ్చాం.

మాండరిన్ చేప అంటే ఏది? ఆ పేరెందుకు?

శాస్త్రీయ నామం సింకిరోపస్ స్ప్లెండిడస్. సముద్రపు అడుగున తిరిగే చిన్న చేపలైన డ్రాగొనెట్ల కుటుంబానికి చెందిన చేప. ఆల్బర్ట్ హెర్రె అనే అమెరికన్ మత్స్య శాస్త్రవేత్త 1927లో ఫిలిప్పీన్స్‌లో దొరికిన చేపల ఆధారంగా దీన్ని మొదటిసారి వర్ణించాడు. చైనా చక్రవర్తుల కొలువులోని అధికారులను యూరప్ వాళ్లు మాండరిన్లు అనేవారు. వాళ్ల పట్టు అంగీల మీది రంగుల అల్లికను తలపిస్తుందని ఈ చేపకూ ఆ పేరే పెట్టారు. పూర్తిగా ఎదిగాక పొడవు 6 నుంచి 7 సెంటీమీటర్లు.

అమ్మేచోట చాలాసార్లు "మాండరిన్ గోబీ" అని రాస్తారు. గోబీలు వేరే కుటుంబపు చిన్న చేపలు, ఇది గోబీ కాదు. చైనా నదుల్లో ఉండే, వండుకుని తినే పెద్ద చేపకూ మాండరిన్ అనే పేరుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. దగ్గరి చుట్టం మాత్రం ఒకటుంది: మచ్చల మాండరిన్, అంటే సింకిరోపస్ పిక్చురేటస్. దాని ఒంటి మీద చారల బదులు చుట్టూ గీత గీసినట్టుండే గుండ్రటి మచ్చలుంటాయి. పెంచే పద్ధతి రెండింటికీ ఒకటే.

సముద్రంలో ఇది ఎక్కడుంటుంది?

పసిఫిక్ మహాసముద్రపు పడమటి భాగంలో. ఉత్తరాన జపాన్‌కు చెందిన ర్యూక్యూ దీవుల దగ్గర మొదలై ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, పలావు మీదుగా దక్షిణాన ఆస్ట్రేలియా, న్యూ కాలెడోనియా దాకా కనిపిస్తుంది. లోతు ఎక్కువ అక్కర్లేదు, 1 మీటరు నుంచి 18 మీటర్ల లోపే.

పగడపు దిబ్బ అనగానే అలలు విరిగే చోటు, గాజులాంటి తేట నీరు, గుంపులుగా తిరిగే చేపలు మనసులో మెదులుతాయి. మాండరిన్ ఉండేది అలాంటి చోట కాదు. అలల దెబ్బ తగలని లోపలి లగూన్లు (దిబ్బ వెనక ఉండే నిలకడ నీటి మడుగులు), ఒండ్రు పేరుకున్న అడుగు, విరిగిపడిన పగడపు ముక్కల గుట్టలు, వాటి మధ్య కొమ్మలు చాచిన పగడాలు దాని ఊరు. పడవలు ఆగే రేవుల దగ్గర కూడా ఉంటుంది. ఇండోనేషియాలోని బందా నైరా రేవులో డైవర్లు దీన్ని చూడటానికే దిగుతారు. లెంబె జలసంధి, ఫిలిప్పీన్స్‌లోని మలపాస్కువా దీవి కూడా ఇందుకు పేరున్న చోట్లే.

విరిగిన ముక్కల గుట్ట చూసి ఆ దిబ్బ చచ్చిపోయిందని అనుకోవద్దు. వేలెడు పొడవున్న ఆ ముక్కల సందుల్లో, వాటి మీద పట్టిన సన్నటి నాచులో లెక్కలేనన్ని చిన్న జీవులు పాకుతుంటాయి. వాటిలో ముఖ్యమైనవి హార్పాక్టికాయిడ్ కోపీపాడ్లు. రొయ్యలకు దూరపు బంధువులైన ఇవి చాలావరకు ఒక మిల్లీమీటరు కూడా ఉండవు. ఇవి కాక యాంఫీపాడ్లు, ఆస్ట్రకాడ్లు అనే చిట్టి జీవులు, చిన్న పురుగులు, చిట్టి నత్తలు, చేపల గుడ్లు ఉంటాయి. మాండరిన్‌కు ఆ గుట్ట ఇల్లూ, వంటిల్లూ కూడా. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద చెప్పే సగం విషయాలు వాటంతటవే అర్థమవుతాయి.

ఒంటి మీది ఆ మెరిసే నీలం నిజమైన రంగేనా, లేక కాంతి చేసే మాయా?

నిజమైన రంగే. ఈ చేపలో మమ్మల్ని అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇదే. జంతువుల్లో కనిపించే నీలం దాదాపు ఎప్పుడూ రంగు పదార్థం వల్ల రాదు. కణాల్లోని సన్నటి పలకలు కాంతిని వెనక్కి కొట్టే తీరు వల్ల మన కంటికి నీలంగా కనబడుతుంది. నెమలి ఈకలోని నీలం అలాంటిదే. మాండరిన్, మచ్చల మాండరిన్ చర్మాల్లో మాత్రం నీలపు వర్ణకాన్నే దాచుకున్న కణాలున్నాయని జపాన్ పరిశోధకులు గోడా, ఫ్యూజీ 1995లో చూపించారు. వాటిని సయనోఫోర్లు అంటారు. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇది చాలా అరుదు.

దీనికి పొలుసులు లేవంటారు. మరి రక్షణ ఎలా?

పొలుసులు లేవు నిజమే. ఒళ్లంతా మందపాటి జిగురు ఉంటుంది. అది చేదు, వాసన కూడా బాగుండదు. చర్మంలోని ప్రత్యేక కణాలు విషపదార్థాన్ని కూడా వదులుతాయి. అందుకే ఇంత చిన్న చేప, ఇంత నిదానంగా కదిలేది, పెద్ద చేపలున్న దిబ్బ మీద బతికి బట్టకడుతోంది. ఆ మెరిసే రంగులు "నన్ను నోట పెట్టుకోవద్దు" అనే హెచ్చరిక అయి ఉండవచ్చు.

చెంప మీద ఒక ముల్లు కూడా ఉంటుంది. పెంచేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది దీన్నే. వలతో పడితే ఆ ముల్లు దారాల్లో చిక్కుకుంటుంది, లాగితే చెంప చిరుగుతుంది, జిగురు ఊడిపోతుంది. ఎప్పుడు పట్టినా వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలోకి నెమ్మదిగా తోలి, నీళ్లతో సహా ఎత్తండి.

మగ, ఆడ తేడా ఎలా తెలుస్తుంది?

వీపు మీద రెండు రెక్కలుంటాయి. వాటిలో మొదటి రెక్క తొలి ముల్లు మగచేపలో బాగా పొడవుగా, జెండా కర్రలా లేచి ఉంటుంది. ఆడచేపలో ఆ రెక్క పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. మగది కాస్త పెద్దది కూడా. రెక్క ముడుచుకున్నప్పుడు తేడా తెలియదు. ఐదు నిమిషాలు ఆగి, రెక్క విప్పినప్పుడు చూడండి.

ఒకే ట్యాంకులో రెండు మగచేపల్ని ఉంచకండి. ఒకటి చచ్చేదాకా కొట్టుకుంటాయి. ఒక మగది, ఒక ఆడది అయితే ఇబ్బంది లేదు, కానీ ఇద్దరికీ సరిపడా తిండి పుట్టే ట్యాంకు ఉండాలి.

సంధ్యవేళ జంట నాట్యం అంటారు, అదేమిటి?

పొద్దు గూకే సమయానికి ఆడచేపలు పగడపు గుట్ట మీద ఒకచోట చేరతాయి. మగచేప రెక్కలు విప్పి వాటి చుట్టూ తిరుగుతుంది. ఆడచేప ఒప్పుకుంటే మగదాని రెక్క మీద ఆనుకుంటుంది. చెంపా చెంపా, పొట్టా పొట్టా ఆనించి రెండూ నెమ్మదిగా దిబ్బ మీంచి సుమారు ఒక మీటరు పైకి లేస్తాయి. ఆ ఎత్తులో గుడ్లూ వీర్యమూ వదిలి, కన్ను మూసి తెరిచేలోగా కిందకు దూసుకొచ్చి సందుల్లో దాక్కుంటాయి. పైకి లేచి కనబడే ఆ కొన్ని క్షణాలూ వాటికి ప్రమాదమే.

గుడ్లు అడుగుకు చేరవు, నీటిలో తేలిపోతాయి. వాటికి కాపలా ఉండదు. ఆడచేప ఒక సాయంత్రం ఒకసారే గుడ్లు వదులుతుంది. ఆడచేపలు పెద్ద మగచేపల్నే ఎంచుకుంటాయి.

డైవింగ్‌లో చూడాలంటే ఎలా?

సూర్యాస్తమయానికి అరగంట ముందే నీటిలో ఉండాలి. గుట్ట దగ్గరకు చేరి కదలకుండా తేలుతూ ఉండండి. మోకాళ్లు ఆనిస్తే ఒండ్రు లేస్తుంది, పగడం విరుగుతుంది, ఆ సాయంత్రానికి చేపలు బయటకు రావు. తెల్లటి టార్చి వేయకండి, ఎర్ర దీపం వాడండి. ఫొటో తీసేవాళ్లు చేపను వెంబడించకుండా, అవి పదేపదే లేచే కొమ్మ ఒకదాన్ని గుర్తుపట్టి అక్కడే ఫోకస్ పెట్టుకుని ఆగాలి. జంట పైకి లేచాకే తీయండి. లేవకముందు ఫ్లాష్ పడితే విడిపోతాయి.

ఇది అంతరించిపోతున్న జాతా?

కాదు. ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో "తక్కువ ఆందోళన" వర్గంలో ఉంది. అలాగని వేట వల్ల నష్టం లేదని కాదు. వేటగాళ్లు పెద్ద మగచేపల్నే ఏరుకుంటారు, అమ్మకానికి అవే అందంగా ఉంటాయి కాబట్టి. ఆడచేపలు కోరుకునేదీ ఆ పెద్ద మగచేపల్నే. వాటిని తీసేస్తే మిగిలిన గుంపులో గుడ్లు పెట్టడం దెబ్బతింటుంది. వీలైనంతవరకు ట్యాంకుల్లో పుట్టి పెరిగిన చేపనే కొనండి. ధర ఎక్కువైనా అది ముందే తయారీ తిండికి అలవాటుపడి ఉంటుంది, మీకూ అదే మేలు.

కొత్తగా ఉప్పునీటి ట్యాంకు పెట్టాను. ఇది పెంచవచ్చా?

ఇప్పుడే వద్దు. నీటి లెక్కలు కష్టమైనవేమీ కావు. ఉష్ణోగ్రత 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్, మంచినీటితో పోలిస్తే సాంద్రత 1.024 నుంచి 1.026, పీహెచ్ 8.1 నుంచి 8.4, అమ్మోనియా, నైట్రైట్ సున్నా. ఇవి పగడాలు పెంచే ఏ రీఫ్ ట్యాంకులోనైనా ఉండాల్సినవే. అయితే ఈ చేపకు నీరు శుభ్రంగా ఉండటం ఒక్కటే చాలదు, అందులో తిండి పుడుతూ ఉండాలి. కొత్త ట్యాంకులో నీరు ఒకటి రెండు నెలల్లో కుదుటపడినా కోపీపాడ్ల గుంపు కుదుటపడటానికి అంతకన్నా చాలా కాలం పడుతుంది. ఈ లెక్కలు పెట్టుకోండి:

- ట్యాంకు మొదలై కనీసం 6 నెలలు, వీలైతే ఏడాది
- ఒక చేపకు 250 నుంచి 300 లీటర్లు, జంటకు అంతకన్నా ఎక్కువ
- రంధ్రాలు బాగా ఉన్న లైవ్ రాక్ (చిన్న జీవులు పట్టిన సముద్రపు రాయి) 30 కిలోలు, అడుగున సన్న ఇసుక
- ఒక మూల 1 నుంచి 3 సెంటీమీటర్ల పగడపు ముక్కల గుట్ట

చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఆ సందుల్లోకి మాండరిన్ నోరు దూరదు. కోపీపాడ్లు అక్కడ పిల్లల్ని పెట్టి బయటకు వస్తుంటాయి. ఆ గుట్టను శుభ్రం పేరుతో కదిలించకండి.

రాత్రి దీపాలు ఆర్పిన గంట తర్వాత టార్చితో అద్దం మీద చూడండి. తెల్లటి చుక్కలు గెంతుతూ, పాకుతూ ఎక్కడ చూసినా కనబడితే ట్యాంకు సిద్ధం. వెతుక్కుంటే తప్ప కనబడకపోతే ఇంకా ఆగాలి.

ఎదుట తిండి వేస్తున్నా ఎందుకు చిక్కిపోతుంది?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. సమాధానం చేప తినే తీరులోనే ఉంది. మాండరిన్ నీటిలో తేలే తిండి వెంట పరుగెత్తదు. పొట్ట కింది పెద్ద రెక్కల మీద నడుస్తున్నట్టు అడుగున నెమ్మదిగా జరుగుతూ, ఒక్కో చోట ఆగి తేరిపార చూసి, నోటిని గొట్టంలా కిందకు చాచి ఒక్కో జీవిని ఏరుకుంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే పని. ఒక్కసారి కడుపు నింపుకుని ఊరుకునే చేప కాదిది.

మీరు రోజుకు ఒకసారి వేసిన గింజల తిండిని మిగతా చేపలు క్షణాల్లో మింగేస్తాయి. అడుగుకు చేరిన కాస్తా కదలదు కాబట్టి మాండరిన్ దాన్ని తిండిగా గుర్తుపట్టదు. పోనీ కోపీపాడ్లు తింటోందిగా అనుకుంటే, చిన్న ట్యాంకులో అవి పుట్టే వేగం కన్నా ఇది తినే వేగం ఎక్కువ. మొదటి వారాల్లో చేప చురుగ్గా, గుండ్రంగా ఉంటుంది. నిల్వ ఉన్న కోపీపాడ్లు అయిపోయాక చిక్కడం మొదలవుతుంది. చివరిదాకా రాళ్లను ఏరుతూనే కనబడుతుంది కాబట్టి తింటోందనే అనుకుంటాం. ఏరడం వేరు, దొరకడం వేరు.

వారానికోసారి పైనుంచి, ఎదురుగా చూడండి. తల వెనక రెండు పక్కలా గుంటలు పడితే, పక్క గీత వెంట ఒళ్లు నొక్కుకుపోతే, పొట్ట లోపలికి పోతే అది ఆకలే. పొట్ట ఒక్కటే లోపలికి పోయిన దశలో చేప కోలుకుంటుంది. వీపు కండ కరిగి ఎముక గీత కనబడ్డాక కాపాడటం చాలా కష్టం.

కోపీపాడ్లను ఇంట్లో పెంచడం ఎలా?

టిస్బె, టిగ్రియోపస్ అనే రెండు రకాలు తేలికగా పెరుగుతాయి. టిస్బె చిన్నది, రాళ్ల సందుల్లో పాకుతూ ఉంటుంది, ట్యాంకులో నిలదొక్కుకుంటుంది. టిగ్రియోపస్ పెద్దది, ఎర్రగా ఉంటుంది, చేప దాన్ని వెంటనే పట్టేస్తుంది. రెండూ పెంచితే మంచిది.

1. సబ్బు తగలని 10 లీటర్ల డబ్బాలు రెండు తీసుకోండి. ఒకటి చెడినా రెండోది మిగలాలి.
2. 1.022 నుంచి 1.025 సాంద్రత ఉన్న కొత్త ఉప్పునీరు 7 లేదా 8 లీటర్లు పోసి, కోపీపాడ్ల విత్తనం వేయండి.
3. గాలి గొట్టాన్ని రాయి లేకుండా వేసి, సెకనుకు ఒకటి రెండు పెద్ద బుడగలు వచ్చేలా తిప్పండి. రాయి పెడితే వచ్చే సన్నటి బుడగలు వాటికి హాని.
4. ఫైటోప్లాంక్టన్, అంటే నీటిలో తేలే సూక్ష్మ నాచు, పోయండి. నీరు లేత ఆకుపచ్చగా, డబ్బా అడుగు కనిపించేలా ఉంటే చాలు. నీరు తేటపడినప్పుడే మళ్లీ పోయండి.
5. రెండు మూడు వారాల తర్వాత, వారానికి పావు వంతు నీటిని సన్నటి జల్లెడలో వడకట్టి, తీసినంత కొత్త నీరు పోయండి.

చెడిపోయేది ఎక్కువగా నాలుగో దశలోనే. చిక్కటి ఆకుపచ్చ చేస్తే ఫైటో అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది, ఒక్క రాత్రిలో డబ్బా అంతా పోతుంది. కుళ్లు వాసన వస్తే బతికినవాటిని వడకట్టి కొత్త నీటిలోకి మార్చండి.

ట్యాంకులో వేసేటప్పుడు దీపాలు ఆర్పి, పంపులూ, నురగతో మురికి తీసే స్కిమ్మరూ గంటసేపు ఆపి, పగడపు ముక్కల గుట్ట పక్కన గొట్టంతో వదలండి. పగలు పై నుంచి పోస్తే అవి మిగతా చేపల ఫలహారమే. సంప్ (ట్యాంకుకు కలిపి ఉండే రెండో నీటి తొట్టి) ఉన్నవాళ్లు అందులో ఒక అర నాచుకు వదిలేయాలి. కీటోమార్ఫా నాచు గుప్పెడు వేసి, రాత్రిపూట దీపం పెడితే అది కోపీపాడ్లకు పుట్టిల్లు అవుతుంది. నాచు తీసేటప్పుడు ట్యాంకు నీటిలో బాగా జాడించి తీయండి, లేదంటే సగం కోపీపాడ్లు చెత్తబుట్టలోకి పోతాయి.

గడ్డకట్టిన తిండి అలవాటు చేయవచ్చా?

చేయవచ్చు, ఓపిక కావాలి. చేపను ట్యాంకులోనే వేలాడే జల్లెడ డబ్బాలో విడిగా ఉంచండి, పోటీ ఉండదు. మొదటి రోజుల్లో అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిట్టి రొయ్య) పిల్లల్ని రోజుకు మూడు నాలుగుసార్లు ఇవ్వండి. వాటిని తడుముకోకుండా తింటున్నప్పుడు చేప గుడ్లు, సన్నగా తరిగిన మైసిస్ (రొయ్యలాంటి చిన్న జీవి) కాస్త కలపండి. ప్రాణం ఉన్నదాన్ని తగ్గిస్తూ, గడ్డకట్టినదాన్ని పెంచుతూ పోవాలి. కదలిక కోసం చిన్న గొట్టంతో నీటిని మెల్లగా ఊదండి. కొన్ని రోజుల్లో పట్టుకునేవి ఉన్నాయి, నెల దాటినా ముట్టనివీ ఉన్నాయి. ఈలోగా కోపీపాడ్లు ఆపకండి. ఆకలితో మాడ్చి లొంగదీయాలనుకుంటే చేప చచ్చిపోతుంది కానీ కొత్త తిండి నేర్చుకోదు.

ఆర్టీమియా ఒక్కటే నెలల తరబడి పెట్టకండి, పోషకాలు చాలవు. అలవాటుపడిన చేపకు తిండిని అడ్డంగా పడుకోబెట్టిన చిన్న గాజు సీసాలో వేస్తే పెద్ద చేపలు లోపలికి రాలేవు, ఇది నడుచుకుంటూ వెళ్లి తింటుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి, తెచ్చాక ఏం చేయాలి?

పొట్ట గుండ్రంగా ఉండాలి. అడుగును ఏరుతూ తిరుగుతుండాలి. ఒంటి మీద సూది గుచ్చినట్టు గాయాలున్నాయేమో చూడండి. ఫిలిప్పీన్స్‌లో కొందరు వేటగాళ్లు సందుల్లో దాక్కున్న మాండరిన్లను రబ్బరుతో వదిలే సన్నటి సూదులతో పడతారు. రెక్కకు తగిలితే మానుతుంది, పొట్టకు తగిలితే కష్టం. మీ ఎదుట ఏదైనా తినిపించమని అడగండి.

దగ్గర నుంచి తెస్తే కవర్‌ను 15 నిమిషాలు నీటిపై తేల్చి, అరగంట పాటు చుక్కలు చుక్కలుగా మీ నీరు కలపండి. గంటల తరబడి ప్రయాణం చేసిన కవర్ విషయం వేరు. మూసిన కవర్‌లో పీహెచ్ తగ్గి ఉంటుంది కాబట్టి అమ్మోనియా అంత హాని చేయదు. కవర్ విప్పగానే పీహెచ్ పెరుగుతుంది, అదే అమ్మోనియా విషమవుతుంది. అలాంటప్పుడు చేపను మొదట విడిగా ఉంచే ట్యాంకు సాంద్రతను ముందే కవర్ నీటికి సరిపోల్చి పెట్టుకుని, వేడిమి సమానం కాగానే చేపను మార్చేయండి. కవర్ నీటిని ట్యాంకులో పోయకండి. మరో చేపతో కలిపి ఒకే కవర్‌లో తేవొద్దు, ఒత్తిడిలో వదిలే జిగురు ఆ చేపకు ముప్పు.

ఎవరితో కలిపి ఉంచవచ్చు?

క్లౌన్ చేపలు, ఫైర్ గోబీలు, కార్డినల్ చేపలతో హాయిగా ఉంటుంది. ఆరు గీతల రాస్ అనే చేప వద్దు. అది కూడా రోజంతా కోపీపాడ్లనే ఏరుకుంటుంది, పైగా తరిమికొడుతుంది. ఇతర డ్రాగొనెట్లు కూడా తిండికి పోటీయే. కార్పెట్ అనిమోన్‌లు, ఏనుగు చెవి పగడాలు నిదానంగా నడిచే ఈ చేపను పట్టి మింగేస్తాయి.

జబ్బు చేస్తే?

మందపాటి జిగురు వల్ల తెల్లమచ్చల జబ్బు దీనికి తొందరగా సోకదు, అలాగని అసలు రాదని కాదు. రాగి మందును ప్రధాన ట్యాంకులో ఎప్పుడూ పోయొద్దు. చేప కన్నా ముందు కోపీపాడ్లు చస్తాయి, రాళ్లు ఆ రాగిని పట్టి ఉంచుతాయి. సాంద్రత తగ్గించే వైద్యం కూడా కోపీపాడ్లను చంపుతుంది. వైద్యం ఏదైనా విడి ట్యాంకులోనే, అక్కడ కూడా బతికున్న తిండి ఇస్తూ చేయాలి.

ఇంట్లో పిల్లలు చేయించవచ్చా?

జంట బాగా తింటుంటే సాయంత్రం దీపాలు మందగించే వేళ గుడ్లు పెట్టడం తరచూ జరుగుతుంది. పైకి లేవడానికి నీటి ఎత్తు 45 సెంటీమీటర్లకు తగ్గకుండా చూడండి. గుడ్డు ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది, మర్నాటికే పొదుగుతుంది. కష్టమంతా ఆ తర్వాతే. పిల్లల నోరు చాలా చిన్నది. కోపీపాడ్ల పిల్లల్ని, అంటే నాప్లియైలను, రోజంతా అందేలా ఉంచాలి. కోపీపాడ్ల పెంపకం చెయ్యి తిరిగాకే దీనికి దిగండి.

రెండు రోజులుగా చేప కనబడటం లేదు. వెతకాలా?

రాళ్లు కదపకండి. కొత్త చేప కొన్ని రోజులు దాక్కోవడం మామూలే. ముందు ట్యాంకు చుట్టూ నేల, తర్వాత నీరు పొర్లే పెట్టె, సంప్, పంపు మూతి చూడండి. మూతికి స్పాంజి తొడగకపోతే ఇప్పుడే తొడగండి. దీపాలు వెలగడానికి పది నిమిషాల ముందు ఎర్ర దీపంతో రాళ్ల మొదళ్ల దగ్గర చూస్తే చాలాసార్లు అక్కడే ఇసుకకు ఆనుకుని ఉంటుంది. కనబడకపోయినా అమ్మోనియా పరీక్ష చేస్తూ ఉండండి.